దారి చెప్పే పెట్టెకు దారి ఎవరు చెప్పారు?

పిల్లలూ! ముందుగా మీకు ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను.

మా చాంద్రాయణగుట్టలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు ఉండేవాడు. ఒకనాటి రాత్రి వాళ్ల దాదీకి ఊపిరి ఆడలేదు. ఇంట్లోవాళ్లు ఆస్పత్రి బండికి ఫోను చేశారు. బండి త్వరగానే బయలుదేరింది. డ్రైవరు ముందు, అద్దం పక్కన, సెల్‌ఫోనులో పటం వెలుగుతూ ఉంది. "రెండు వందల మీటర్ల తరువాత ఎడమకు తిరగండి" అని అది పలికింది. డ్రైవరు ఎడమకు తిరిగాడు. "నేరుగా వెళ్లండి" అంది. వెళ్లాడు. ఎదురుగా గోడ! పటంలో గల్లీ ఆ గోడ అవతలికి సాగిపోతున్నది. నిజంగా మాత్రం అక్కడితో ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "ఆగే రస్తా బంద్ హై, భాయ్!" అన్నాడు.

బండి తిప్పుకోవడానికి చోటు లేదు. వెనక్కి తీయడానికే కొన్ని నిమిషాలు పట్టింది. గోడకు అవతలి పక్కనే ఆ కుర్రవాడి ఇల్లు. సైరను వినపడుతున్నది కాని బండి రావడం లేదు. వాడికి సంగతి అర్థమయింది. చెప్పులైనా వేసుకోకుండా చుట్టూ తిరిగి పరుగెత్తాడు. డ్రైవరు పక్కన ఎక్కి, "సీదా పోనీ అన్నా, మస్జిద్ కాడ కుడికి తిప్పు" అంటూ దారి చూపాడు. దాదీ బతికింది.

మరునాడు తరగతిలో వాడు లేచి నన్ను ఒక ప్రశ్న అడిగాడు: "సార్! బండి ఎక్కడున్నదో ఆకాశంల ఉన్న ఉపగ్రహానికి తెలిసింది. ముందర గోడ ఉన్నదని ఎందుకు తెల్వలేదు?"

చాలా మంచి ప్రశ్న. ఈ వ్యాసమంతా దానికి జవాబే.

ఒకే పెట్టె, రెండు పనులు

మన అరచేతిలో ఇమిడే ఈ కంప్యూటరు రెండు వేరువేరు పనులు చేస్తుంది. "నేను ఎక్కడ ఉన్నాను?" అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు ఆకాశం నుంచి వస్తుంది. "ఇక్కడి నుంచి ఎటు పోవాలి?" అన్నది రెండవ ప్రశ్న. దీనికి జవాబు ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. రెండింటినీ కలిపి ఒకే గొంతుతో చెబుతుంది కాబట్టి మనం అంతా ఉపగ్రహమే చెబుతున్నదని పొరపాటు పడతాం.

పూర్వం ఈ రెండు పనులకు రెండు పెట్టెలు ఉండేవి. 2000 తరువాత వచ్చిన అరచేతి కంప్యూటర్లకు చాలావాటికి ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరాన్ని విడిగా తగిలించవలసి వచ్చేది. 2003లో గార్మిన్ కంపెనీ రెండింటినీ ఒకే పెట్టెలో అమర్చి ఐక్యూ 3600 అనే అరచేతి కంప్యూటరును తెచ్చింది. మన హైదరాబాదులోనే సాట్‌నావ్ టెక్నాలజీస్ అనే సంస్థ 'సాట్‌గైడ్' పేరుతో భారతదేశపు రోడ్ల పటాలు, దారి చెప్పే గొంతు తయారుచేసి ఇలాంటి చేతి పరికరాలకు అందించింది. తరువాత ఆ పనులన్నీ సెల్‌ఫోనులోకే వచ్చి చేరాయి.

ఉరుము నేర్పే లెక్క

మొదటి ప్రశ్నను చూద్దాం. వానాకాలంలో మెరుపు మెరిసిన తరువాత ఉరుము వినపడేదాకా మీరెప్పుడైనా అంకెలు లెక్కపెట్టారా? ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు ఆలస్యమైతే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో పడిందన్నమాట. అంటే, కాలం తెలిస్తే దూరం తెలుస్తుంది. జి.పి.ఎస్. రహస్యమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

జి.పి.ఎస్. అంటే గ్లోబల్ పొజిషనింగ్ సిస్టమ్. అమెరికా రక్షణశాఖ దీనిని నిర్మించింది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. 1995 నాటికి పూర్తి ఏర్పాటు పనిచేయడం మొదలుపెట్టింది. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున 24కు తక్కువ కాకుండా ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 12 గంటలలో భూమిని చుట్టివస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోండి. ఈ ఉపగ్రహాలకు కళ్లు లేవు! అవి మనల్ని చూడవు. మన ఫోను వాటికి ఏమీ పంపదు కూడా. బడిలో గంట కొట్టే జవాను గంట కొడతాడే కాని, దానిని ఎవరెవరు విన్నారో అతనికి తెలియదు గదా! ఉపగ్రహం కూడా అంతే. "ఇప్పుడు వేళ ఇంత, నేను ఇక్కడ ఉన్నాను" అని రేడియో తరంగాలలో చాటుతూ ఉంటుంది. విని లెక్క వేసుకోవడం ఫోను పని.

రేడియో తరంగం కాంతివేగంతో, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, ప్రయాణిస్తుంది. నెత్తిమీద ఉన్న ఉపగ్రహం నుంచి మన చౌరస్తాకు చేరడానికి దానికి సుమారు 0.067 సెకను పడుతుంది. సెకనులో పదిహేనో వంతు! ఆ ఆలస్యాన్ని కొలిచి ఫోను తన దూరాన్ని తెలుసుకుంటుంది.

కాని ఒక్క దూరం తెలిస్తే చాలదు. కాగితం మీద చేసి చూడండి. హైదరాబాదు పటం తీసుకోండి. మీరు చార్మినార్‌కు తిన్నగా 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నారని ఎవరో చెప్పారనుకోండి. చార్మినార్ కేంద్రంగా ఒక వృత్తం గీయండి. ఆ వృత్తం మీద ఎక్కడైనా ఉండవచ్చు. గోల్కొండ కోటకు 11 కిలోమీటర్లని మరొకరు చెప్పారు. ఇంకొక వృత్తం గీస్తే అది మొదటిదానిని రెండు చోట్ల ఖండిస్తుంది. ఎల్‌.బి.నగర్‌కు సుమారు 8 కిలోమీటర్లని మూడవవారు చెప్పారు. ఆ వృత్తం ఒక్క చోటనే కలుస్తుంది. చూశారా, చాంద్రాయణగుట్ట దగ్గర పట్టుబడిపోయారు!

ఆకాశంలో వృత్తాలకు బదులు గోళాలు. మూడు గోళాలు సాధారణంగా రెండు బిందువులలో కలుస్తాయి. వాటిలో ఒకటి అంతరిక్షంలో ఎక్కడో ఉంటుంది కనుక దానిని వదిలేయవచ్చు. అయితే మూడు ఉపగ్రహాలు చాలాలి గదా, నాలుగు కావాలంటారెందుకు? దానికి కారణం గడియారం.

గడియారమే కొలబద్ద

ఉపగ్రహాలలో పరమాణు గడియారాలు ఉంటాయి. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే, రోజు మొత్తం మీద అవి తప్పేది ఆ భాగాలలో పదో పరకో మాత్రమే. మన ఫోనులోది చవక క్వార్ట్జ్ గడియారం. అది సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. కాబట్టి ఫోను తన గడియారంలోని తప్పును కూడా ఒక తెలియని రాశిగా పెట్టుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు, గడియారపు తప్పు, ఈ నాలుగూ తెలియనివి. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలని మీ లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు. అందుకే నాలుగో ఉపగ్రహం.

ఇంకొక వింత. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. గురుత్వం తక్కువగా ఉన్నచోట గడియారం త్వరగా నడుస్తుంది. ఈ రెండూ పోను, ఉపగ్రహంలోని గడియారం భూమి మీది దానికన్నా రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 ముందుకు పోతుంది. దానిని సరిచేయకపోతే దూరం లెక్కలో రోజుకు సుమారు 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. బార్కస్‌లో ఉన్నవాణ్ణి ఎక్కడికో విసిరేసినట్టు! ఐన్‌స్టీన్ సిద్ధాంతం వల్ల నిత్యజీవితంలో ఉపయోగమేమిటని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

మన దేశం కూడా ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. దాని పేరు నావిక్. ఇందులో మొదటి ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న ఇస్రో పంపింది. మొదటి ఉపగ్రహాలలో విదేశీ పరమాణు గడియారాలు అమర్చారు. వాటిలో కొన్ని చెడిపోయి చిక్కు తెచ్చాయి. గడియారం ఆగితే ఉపగ్రహం ఆకాశంలో ఉన్నా దారి చెప్పడానికి లేనట్టే గదా! 2023 మే 29న పంపిన ఎన్.వి.ఎస్.-01లో మన దేశంలో తయారైన పరమాణు గడియారాన్ని అమర్చారు.

గల్లీలో గంతులు

బయట మైదానంలో ఫోను లెక్క సాధారణంగా కొద్ది మీటర్లలోపే తప్పుతుంది. కాని పాతబస్తీ గల్లీలలోకి వెళ్లి చూడండి. పటం మీద నీలిచుక్క ఒక గల్లీ నుంచి పక్క గల్లీలోకి గంతులు వేస్తుంది. రేడియో తరంగం తిన్నగా రాకుండా ఎదురు మేడ గోడకు తగిలి తిరిగి రావడమే దీనికి కారణం. చుట్టుదారిన వచ్చిన తరంగం ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యమంటే దూరమని గదా ఫోను నమ్మకం! బావిలో అరిస్తే ప్రతిధ్వని మోసపుచ్చినట్టే ఇది.

మా చౌరస్తాలో మరో తమాషా ఉంది. అక్కడి ఫ్లైఓవరును పొడిగించి 2022 ఆగస్టులో తెరిచారు. పైన ఒక రోడ్డు, సరిగ్గా దాని కింద మరొక రోడ్డు. పటం మీద రెండూ ఒకే గీత. ఎత్తు లెక్కలో జి.పి.ఎస్. తప్పు మరింత ఎక్కువ. అందుచేత పైన ఉన్నామో కింద ఉన్నామో తేల్చుకోలేక ఫోను ఒక్కొక్కసారి తికమక పడుతుంది. ఫోనుకు సంకేతం అందే ఉపగ్రహాలన్నీ మన నెత్తిమీది వైపే ఉంటాయి, కాళ్ల కింది వైపు ఉన్నవాటికి భూమి అడ్డు వస్తుంది. ఎత్తు లెక్క బలహీనం కావడానికి ముఖ్యకారణం ఇదే.

మరి పటం ఎవరు గీశారు?

ఇక రెండవ ప్రశ్న. "17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం" అని ఉపగ్రహాల వల్ల తెలిసింది. ఆ చోట రోడ్డుందో, చెరువుందో, గోడుందో ఆ అంకెలు చెప్పవు. అది పటం చెప్పాలి. పటాన్ని మనుషులు గీయాలి.

మన నేలను మనుషులు ఎంత కష్టపడి కొలిచారో వినండి. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మహా త్రికోణమితి సర్వే ప్రారంభించాడు. ఇనుప గొలుసులతో ఒక ఆధారరేఖను కొలిచి, దాని మీద త్రిభుజాలు కట్టుకుంటూ ఉత్తరానికి నడిచారు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ మన హైదరాబాదుకే వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు వేస్తూ విషజ్వరాల పాలయ్యాడు. హిమాలయ శిఖరానికి తరువాత ఆయన పేరే పెట్టారు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. నగరాన్ని బాగుచేయాలంటే ముందు అది ఎలా ఉందో తెలియాలి. 1912 నుంచి 1915 వరకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో వీధి వీధినీ, ఇంటింటినీ చూపే పటాలు తయారుచేశారు. నూరేళ్లు దాటినా పాత నగరాన్ని అధ్యయనం చేసేవారు వాటినే వెతుక్కుంటారు.

కంప్యూటరు పటాల కాలంలోనూ ఈ కష్టం తప్పలేదు. గల్లీ గల్లీకీ వెళ్లి కొలిచే సర్వేదారులను ఏ కంపెనీ పెట్టుకోగలదు? మన తెలుగువాడైన కాట్రగడ్డ లలితేష్, మరికొందరు భారతీయ ఇంజనీర్లు గూగుల్ కంపెనీలో ఒక ఉపాయం చేశారు. ఎవరి వీధిని వారే గీసి పటంలో చేర్చే ఏర్పాటు అది. పేరు మ్యాప్ మేకర్, ఆరంభమైనది 2008లో. దానిని 2017లో మూసివేశారు కాని, అప్పటికి ఎన్నో ఊళ్ల రోడ్లు ప్రజల చేతులతో పటంలోకి ఎక్కాయి.

అయితే ఆకాశం నుంచి ఫోటోలు తీసే ఉపగ్రహాలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. వాటికి కళ్లున్నాయి. మన బాలానగర్‌లో ఉన్న జాతీయ సుదూర సంవేదన కేంద్రం అలాంటి ఫోటోలతో 2009లో 'భువన్' అనే పటాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కాని పైనుంచి తీసిన ఫోటోలో అడ్డగోడ సన్నని గీత మాత్రమే. పక్కమేడ నీడలో అదీ కనపడదు. పైగా ఫోటో తీసిన తరువాత కట్టిన గోడ అందులో ఉండదు.

దగ్గర దారి లెక్క

పటం ఉంటే దారి వెతకడం ఎలా? 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త దీనికొక పద్ధతి ఆలోచించి 1959లో ప్రకటించాడు. మనం ఒక ఉదాహరణ చేద్దాం. నిమిషాలు నేను ఊహించినవే.

చాంద్రాయణగుట్ట నుంచి ఇంజన్‌బౌలికి 6 నిమిషాలు, కందికల్ గేటుకు 5. ఇంజన్‌బౌలి నుంచి శాలిబండకు 10. కందికల్ గేటు నుంచి లాల్‌దర్వాజాకు 9. శాలిబండ నుంచి చార్మినార్‌కు 5, లాల్‌దర్వాజా నుంచి చార్మినార్‌కు 8.

తొందరపడేవాడు మొదటి అడుగులో దగ్గరగా కనిపించిన కందికల్ గేటువైపు పోతాడు. 5, 9, 8 కలిపితే 22. రెండో దారిన 6, 10, 5 కలిపితే 21. ఇదే మేలు. కంప్యూటరు తొందరపడదు. బయలుదేరిన చోటు నుంచి ఒక్కొక్క కూడలికి పట్టే కాలాన్ని తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా తేల్చుకుంటూ పోతుంది. గమ్యానికి ఇంతకంటె తక్కువ సాధ్యం కాదని తేలినప్పుడే ఆగుతుంది. శాలిబండ బజారులో రద్దీ పెరిగి, అక్కడి నుంచి చార్మినార్‌కు 5కు బదులు 10 నిమిషాలు పడితే? ఆ దారి 26 అవుతుంది. వెంటనే లాల్‌దర్వాజా మీదుగా పొమ్మంటుంది. రద్దీ సంగతి దానికెలా తెలుసు? ఆ రోడ్డున పోయేవారి ఫోనులు ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. అదీ మనుషుల నుంచి వచ్చిన కబురే!

ఈ లెక్కలో తప్పు లేదు. కాని పటంలో గోడ లేకపోతే, తప్పులేని లెక్కే మనల్ని తప్పు గల్లీలోకి తీసుకుపోతుంది.

నీళ్ల కింద దారి

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. ఆ రోజుల్లోనే బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. పల్లె చెరువు నీరు అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడింది. వీధులలో పడవలు తిరిగాయి. రోడ్డు మునిగినా పటంలోని గీత మునగదు. దారి చెప్పే పటంలో రోడ్డు ఎటు పోతుందో ఉంటుంది కాని, ఎక్కడ పల్లమో, ఒకప్పుడు కుంట ఎక్కడ ఉండేదో సాధారణంగా ఉండదు. ఆ సంగతి మన వీధిలోని ముసలివారిని అడగాలి. "వానొస్తే నీళ్లు ఇటే వస్తయి బిడ్డా" అని వాళ్లు చెప్పగలరు.

చేసి చూడండి

గోడ సంగతి తెలిసిన తరువాత మా తరగతి పిల్లలం ఒక పని పెట్టుకున్నాం. మీరూ చేయవచ్చు.

పది మీటర్ల తాడు నేల మీద పరచి, మామూలుగా నడిస్తే ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టండి. ఇక మీ కాళ్లే కొలబద్ద. దిక్సూచితో దిక్కు చూసుకుంటూ మీ గల్లీని అడుగులతో కొలిచి గళ్ల కాగితం మీద గీయండి. ఆస్పత్రి బండి పట్టే గల్లీ ఏదో, ఆటో మాత్రమే పట్టేది ఏదో, నడిచే మనిషికి మాత్రమే దారి ఇచ్చేది ఏదో వేరువేరు రంగులతో చూపండి. అడ్డగోడలు, మెట్లు, మూతలేని మ్యాన్‌హోళ్లు, వాన నీళ్లు నిలిచే పల్లాలు గుర్తించండి.

తరువాత పెద్దవాళ్ల ఫోను తీసుకుని గల్లీ మొదట, చివర నిలబడి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. అందుచేత దశాంశ బిందువు తరువాత అయిదో అంకెలో ఒకటి మారితే సుమారు ఒక మీటరు జరిగినట్టు. అదే చోట పది నిమిషాల తరువాత మళ్లీ చూడండి. అంకెలు ఎంత మారితే ఫోను అంత తడబడుతున్నదన్నమాట. చివరికి మీ పటాన్నీ ఫోను పటాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు రాయండి. ఫోను పటాలలో తప్పును తెలియజేసే ఏర్పాటు ఉంటుంది. పెద్దవాళ్ల సాయంతో తెలియజేయండి.

మా పిల్లలు గీసిన పటంలో ఆ గోడను ఎవరు గీశారో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఎర్రసిరాతో లావుగా గీశాడు. తప్పును కంపెనీకి తెలియజేశాం. కొన్ని వారాల తరువాత వాడు పరుగున వచ్చి వాళ్ల నాన్న ఫోను నా చేతిలో పెట్టాడు. ఫోను పటంలో ఆ గల్లీ గోడ దగ్గరే ఆగిపోయింది.

"ఇప్పుడు తెలిసింది సార్, దానికి!" అన్నాడు.

తెలియజేసినవాడు వాడే. తరువాత ఎప్పుడైనా ఏ రాత్రివేళనైనా ఆ గల్లీలోకి రాబోయే బండి ముందుగానే మస్జిద్ దగ్గర కుడికి తిరుగుతుంది.